పాటల కోసం పెట్టిన పోర్టు

నన్నే సాహెబ్ మీద కప్పిన మట్టి ఇంకా ఆరకముందే ఆయన కూతురు సిద్దికా ఊళ్లో కారు దిగింది. అక్కడే, ఖబరస్తాన్ గోడ పక్కన నిలబడిపోయింది. తండ్రి రెండో నికా చేసుకున్నాక పుట్టింటి ముఖం చూడని పిల్ల, పోయాడన్న కబురు అందగానే భర్త ఇలియాస్‌తో కలిసి ఒంగోలు నుంచి బయలుదేరింది. వస్తున్నాను, నేను చూడకుండా ఎత్తొద్దు అని తన అన్నయ్య షబ్బీర్‌ని ఫోనులో వేడుకుంది. ఆ తర్వాత ఆ ఫోను మూగబోయింది. పిడుగురాళ్ల దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్లో సాయంత్రపు అసర్ నమాజు దాకా శవాన్ని ఆపి, షబ్బీర్ చేసిన ప్రతిసారీ స్విచాఫ్ అని వస్తుంటే, ఇక రాదులే అనుకుని జనాజా ఎత్తారు.

స్నానం చేయించి కఫన్ చుట్టాక కూడా ముఖం దగ్గర గుడ్డ మాత్రం వదులుగా ఉంచుతారు. కూతురు దూరాన ఉంటే ఆమె కోసమే ఆపుతారు. ఊరి పొలిమేరకు వచ్చామని ఒక్క మాట చెవిన పడి ఉంటే పొద్దుగూకే మగ్రిబ్ దాకా అయినా ఆగేవాళ్లు. ఆ మాట పడలేదు.

ఇది మూడో రోజు ఉదయం. మగవాళ్లు సమాధి మీద పూలు పరిచి, ఫాతెహా చదివించి తిరిగొచ్చారు. ఇంటి ముందు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలలో కూర్చుని టీ తాగుతున్నారు. ఇంటి పక్క కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. చావు ఇంట్లో పడి వాటిని ఎవరూ తిరగెయ్యలేదు. గాలి అటు నుంచి వీచినప్పుడల్లా ఎవరో ఒకరు దగ్గుతున్నారు.

ఇలియాస్ అందరికంటే వెనక వరుసలో కూర్చున్నాడు. చేతిలో టీ చల్లారిపోయింది. ఈ మూడు రోజులుగా అతను ఎవరి కళ్లలోకీ చూడలేదు. అల్లుడు కాబట్టి సిగ్గుపడుతున్నాడు అనుకున్నారు చూసినవాళ్లు. సిద్దికా మాత్రం తండ్రి కోసం బాధపడుతున్నాడని అనుకుంది. రాత్రి అతని భుజం మీద చెయ్యి వేసి, మీరేం చేస్తారు, లారీ అడ్డం పడటం మీ తప్పా అని ఓదార్చింది కూడా. ఆ చెయ్యి బరువు అతనికి ఇప్పటికీ దిగలేదు.

నలభయ్యో రోజు దాకా ఉండి ఆ ఇంట్లోనే ఖురాన్ చదువుకుంటానని సిద్దికా లోపల ఆడవాళ్లతో అందట. కడచూపు దక్కలేదు, కనీసం ఆయన పడుకున్న గదిలో నలభై రోజులు ఉండనివ్వండి అందట. ఆ మాట షబ్బీర్ చెవిన పడింది. షబ్బీర్ కౌలుకు మిరప వేసే రైతు. మాట మెత్తన లేనివాడే గానీ, మనసు అంత గట్టిదేమీ కాదు. మూడు రోజులుగా చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు గ్లాసు కింద పెట్టి గడప వైపు తిరిగాడు.

"నలభై రోజులు ఉంటానన్నావంట. ఆ రోజు ఫోను కట్టేసుకున్నప్పుడు గుర్తు రాలేదా ఇది?"

సిద్దికా గడప లోపలే నిలబడి ఉంది. "కట్టెయ్యలేదన్నా. కారులో ఛార్జింగ్ పెట్టుకునే వచ్చాను. ఎక్కుతానే ఉందనుకున్నాను."

"ఛార్జింగ్ పెట్టిన ఫోను ఆగిపోయిద్దా? ఎవరికి చెప్తున్నావు?"

కుర్చీలలో ఎవరో చిన్నగా నవ్వారు. నాన్న మీద కోపం చచ్చాక కూడా పోలేదని మరెవరో అన్నారు. ఇలియాస్ చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు. అతని ఫోను సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. హడావిడిలో షాపులో ఛార్జింగ్‌కి పెట్టిందాన్ని అక్కడే మరిచిపోయి వచ్చాడు. దారిలో ఉన్నది సిద్దికా ఫోను ఒక్కటే. నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. అన్నది గానీ, తండ్రిది గానీ కంఠతా వచ్చిన నంబరు ఇద్దరిలో ఎవరికీ లేదు.

అప్పుడు చెంచయ్య లేచాడు. నన్నే సాహెబ్‌కి పొలం గట్టు పొరుగువాడు. ఇద్దరూ ఒకే బోరు నీళ్లు పంచుకుని ముసలివాళ్లయ్యారు. నిన్నటి దాకా ఈ ఇంటికి అన్నం కూడా ఆయన ఇంటి నుంచే వచ్చింది.

"ఊరికే మాటలెందుకురా షబ్బీరూ. కారు ఎదురుగానే ఉంది కదా. పెట్టి చూద్దాం. ఎక్కలేదంటే పిల్ల చెప్పింది నిజమని తేలిపోయిద్ది," అన్నాడు.

సిద్దికాకి ప్రాణం లేచి వచ్చింది. తాళం ఇవ్వండి అని భర్త వైపు చూసింది. ఇలియాస్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళం దొరకడానికి అంత సేపు పట్టాల్సిన పని లేదు.

ఆ కారు ఒకప్పుడు గుంటూరు యార్డుకి మిర్చి శాంపిళ్లు మోసిన ఒక వ్యాపారిది. ఇలియాస్ సెకండ్‌హ్యాండులో కొన్నాడు. సీట్ల కింద ఇప్పటికీ గింజలు రాలుతుంటాయి. ఏసీ వేస్తే మొదట తుమ్ములు, తర్వాతే చల్లదనం. ఛార్జర్ గుచ్చే గుండ్రటి సాకెట్ నిండా మిరప పొడి చేరి, చెమ్మకి గడ్డకట్టి, ఒకసారి పొగ వచ్చింది. దాన్ని బాగు చెయ్యడం ఇలియాస్‌కి పెద్ద పనేమీ కాదు. ఒంగోలులో అతనిది కార్లకి స్టీరియోలు బిగించే షాపు. పంట అమ్ముడుపోగానే రైతులు ముందు అతని దగ్గరకే వస్తారు, పెన్‌డ్రైవ్ పెడితే ఊరంతా వినపడాలని. రోజంతా ఊరి వాళ్ల కార్లతో సరిపోయి, సొంత కారు పని రేపటికి, ఆ రేపు మరో రేపటికి జరుగుతూ వచ్చింది. చివరికి ఆ సాకెట్ మీద ఒక మూత అతికించి, స్టీరియో వెనక నుంచి ఒక యూఎస్‌బీ పోర్టు లాగి గేరు పక్కన పెట్టాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. ఫోను పెడితే వెలిగింది. నా చేతి పని అని సిద్దికాకి చూపించాడు.

చెంచయ్య కారు స్టార్ట్ చేశాడు. సిద్దికా తెచ్చుకున్న వైరే ఆ పోర్టుకి గుచ్చి, రెండో కొస తన ఫోనుకి పెట్టాడు. ఫోను చిన్నగా మోగింది. తెర మీద మెరుపు బొమ్మ పడింది.

చెంచయ్య ఆ బొమ్మ వైపు కాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. పిల్ల మాట నిలబెడదామని లేచిన మనిషి ఆయన. ఇప్పుడు అందరికీ ఏం చెప్పాలో తెలియక నెమ్మదిగా అన్నాడు. "ఎక్కుతోందిరా."

షబ్బీర్ కారు దగ్గరకు వచ్చి తనే ఒకసారి తొంగి చూసి వెనక్కి తిరిగాడు. అతని గొంతు ఈసారి పెద్దగా లేదు. నాన్న మీద కోపం ఉంటే ఉండొచ్చు, రాను అని చెప్పి ఉంటే సరిపోయేది అన్నాడు. వస్తానని చెప్పి ఊరందరినీ శవం దగ్గర కూర్చోబెట్టి ఫోను ఆపుకోవడం ఏ మనిషీ చెయ్యదన్నాడు. మధ్యాహ్నం అన్నం తిని వెళ్లమన్నాడు. నలభైకీ రావద్దు, ఆ తర్వాతా రావద్దు అన్నాడు.

సిద్దికా కారు వైపే చూస్తూ నిలబడింది. సాక్ష్యం చెప్పడానికి పిలిపించుకున్న మనిషి తనకే ఎదురు తిరిగితే ఎలా చూస్తారో అలా చూసింది. తర్వాత లోపలికి వెళ్లింది. బట్టలు సర్దుకునే చప్పుడు బయటికి వినిపించింది.

ఇలియాస్ మాట్లాడకుండా ఉండటానికి వీలుంది. ఒక పూట నోరు మూసుకుంటే చాలు. భోజనం చేసి బయలుదేరతారు. సిద్దికా దారంతా ఏడుస్తుంది. ఫోనుని తిడుతుంది, తలరాతని తిడుతుంది, అన్నని తిడుతుంది. భర్త భుజం మీదే తల పెట్టుకుంటుంది. పుట్టిల్లు పోతుంది గానీ అతనికి భార్య మిగులుతుంది. ఈ లెక్క అతని మనసులో ఎవరూ వేయకుండానే తయారై కూర్చుంది. దాన్ని చూసి అతనికే ఒళ్లు జలదరించింది.

సిద్దికా బ్యాగు పట్టుకుని బయటికి వచ్చింది. అన్న పక్క నుంచి తల వంచుకుని నడిచింది. కుర్చీలవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు.

"బాబాయ్, ఆ ఫోను తియ్యొద్దు," అన్నాడు ఇలియాస్. "అలాగే ఉంచి మ్యాప్ పెట్టండి. ఒంగోలుకి దారి చూపించమనండి."

చెంచయ్యకి అర్థం కాకపోయినా చెప్పినట్టు చేశాడు. ఇలియాస్ కుర్చీ పట్టుకుని లేచాడు.

"ఆ పోర్టు ఛార్జింగుకి పెట్టింది కాదు. పాటలకి పెట్టాను. పెన్‌డ్రైవ్ నడవడానికి ఎంత కావాలో అంతే వచ్చుద్ది దాంట్లో, అర ఆంపియరు. ఇప్పటి ఫోన్లకి దానికి నాలుగింతలైనా ఉండాలి. వైరు తగలగానే బొమ్మ పడుద్ది. బొమ్మ పడటం వేరు, ఎక్కటం వేరు. పైన మ్యాప్ నడుస్తా, మాటలు నడుస్తా ఉంటే వచ్చేదాని కంటే పోయేదే ఎక్కువ." షబ్బీర్ ముఖం చూసి ఇంకొక మాట కలిపాడు. "డ్రిప్పు గొట్టంతో తొట్టి నింపుతా, కింద ఇంజను పెట్టి తోడినట్టు."

షబ్బీర్ నమ్మలేదు. అబద్ధాలు బాగా నేర్పావయ్యా నీ పెళ్లానికి అన్నాడు. చెంచయ్య చెయ్యెత్తి ఆగమన్నాడు. కారు తలుపు తీసే ఉంది. తెర మీద మెరుపు బొమ్మ అలాగే వెలుగుతోంది. దాని పక్కనున్న అంకె మాత్రం, వాళ్లు చూస్తుండగానే, ఒకటి తగ్గింది. కుర్చీలలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి కారు చుట్టూ చేరారు. ఇంజను శబ్దం, కల్లం మీద కాకులు. కాసేపటికి మరొకటి తగ్గింది.

"పిల్ల కట్టెయ్యలేదురా," అన్నాడు చెంచయ్య.

షబ్బీర్ రోడ్డు వైపు చూశాడు. మొన్న జనాజా వెళ్లింది ఆ రోడ్డునే. అసర్ అయ్యింది, ఇంక ఎత్తుదాం అన్న మాట తన నోటి నుంచే వచ్చిందని ఆ క్షణంలో గుర్తుకొచ్చి ఉంటుంది. షామియానా గుంజకి ఆనుకుని నిలబడ్డాడు.

అందరూ సిద్దికా వైపు చూశారు. ఆమె ముఖంలో తేలిక కనిపిస్తుందనుకున్నారు. ఆమె మాత్రం ఇలియాస్ వైపు చూస్తోంది. బ్యాగు ఇంకా చేతిలోనే ఉంది.

"మీకు తెలుసా ఇది?" అంది.

"తెలుసు."

"ఎక్కుతా లేదని ఎక్కడ తెలిసింది?"

"మార్టూరు దగ్గర. రాళ్ల లారీలు అడ్డం వచ్చినప్పుడు మ్యాప్ చూశాను కదా. అప్పటికే సగానికి వచ్చింది."

"చిలకలూరిపేట దాటాక నేను అడిగాను మిమ్మల్ని. ఎక్కుతోందా అని."

"అడిగావు."

"ఏం చెప్పారు?"

ఇలియాస్ చుట్టూ చూశాడు. ఇంతమంది ముందు కాకుండా ఒక్కరికే చెప్పగలిగితే బాగుండేది. "ఎక్కుతోందన్నాను."

ఎందుకని ఆమె అడగలేదు. అతనే చెప్పుకుంటూ పోయాడు. ఒక్క టీ కొట్టు దగ్గర ఆపి అరగంట ఛార్జింగ్ పెట్టించి ఉండొచ్చు. ఆ అరగంటలో ఊరే చేరతాం కదా అనుకున్నాడు. నరసరావుపేట అవతల మిర్చి బస్తాల లారీ రోడ్డుకి అడ్డం పడుతుందని, మ్యాప్ లేకుండా కాలువ కట్ట ఎక్కి దారి తప్పుతామని, అడిగిన ప్రతి మనిషీ ఒక్కో వైపు చూపిస్తాడని ఎవరికి తెలుసు. నా చేతి పని అని గొప్పగా చెప్పుకున్నది పనికిరాదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఇవన్నీ చెప్పాడు. చెప్పి ఆగిపోయి ఉండొచ్చు. జనం అప్పటికే తలలు ఊపుతున్నారు. ఎవరో ఖర్మ అన్నారు కూడా.

"ఇంకొకటి ఉంది," అన్నాడు. "మీ అన్న ఫోను చేసినప్పుడల్లా నన్ను తిట్టాడు. నేనే నిన్ను రానివ్వలేదని, నేనే మీ నాన్నని చంపానని. స్పీకరులో వింటా బండి నడిపాను. నీ ఫోను ఆగిపోయినప్పుడు..." గాలి కల్లం మీదుగా వీచింది. అతను దగ్గలేదు. "ఆగిపోయినప్పుడు నాకు హాయి అనిపించింది సిద్దికా. కాసేపు. నిజంగా హాయి అనిపించింది."

సిద్దికా ఏడవలేదు. తిట్టలేదు. పోయినవాళ్లని పంపడానికి స్నానం, కఫన్, నమాజు అని ఒక వరస ఉంది. బతికున్నవాళ్లు విడిపోతున్నప్పుడు ఏది ముందో ఏది వెనకో ఎవరూ చెప్పరు. ఆమె బ్యాగు కింద పెట్టింది. మెడలో చున్నీ సర్దుకుంది.

"మీరు వెళ్లండి," అంది. "నేను ఉంటాను."

"నలభై అయ్యాక వస్తాను."

"వస్తానని చెప్పకండి."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. బ్యాగు షామియానా కింద అలాగే ఉంది. కొంచెం సేపటికి షబ్బీర్ గుంజ వదిలి వచ్చి ఆ బ్యాగు ఎత్తుకున్నాడు. దాని మీద అంటిన దుమ్ము లుంగీ అంచుతో తుడిచాడు. ఎవరి వైపూ చూడకుండా దాన్ని లోపలికి, తండ్రి పడుకునే గదిలోకి తీసుకుపోయాడు. ఆ ఇంట్లో సిద్దికాకి చోటు దొరికింది. లోపల అన్నా చెల్లెలు ఇద్దరి గొంతులూ ఒకేసారి పగిలిన చప్పుడు వినిపించింది. బయట ఉన్నవాళ్లు తలలు వంచుకున్నారు.

ఇలియాస్‌ని ఎవరూ పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. చెంచయ్య తన ఫోను తీసుకుని, భోజనం చేసి పోవయ్యా అన్నాడు. అది మర్యాదకి అన్న మాటని ఇద్దరికీ తెలుసు. మనుషులు ఒక్కొక్కరే చెదిరిపోయారు. కొందరు వెళ్లి మూడు రోజులుగా అలా పడి ఉన్న మిరపకాయలు తిరగెయ్యడం మొదలుపెట్టారు. ఏదో ఒక పని చేతికి కావాలి కదా.

ఇలియాస్ కారులో కూర్చున్నాడు. ఆ పోర్టుని పీకి పారెయ్యాలనిపించింది. వేలు పెట్టాడు గానీ బలం చాలలేదు. ఒంగోలుకి ఒక్కడే ఎలా వెళ్లాలో ఆలోచించలేదు. షాపు షట్టర్ ఎత్తడం, ఇంటి తాళం తియ్యడం, రెండు గ్లాసులలో ఒకటి కడగడం, ఇలాంటివి మాత్రం ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందుకు వచ్చాయి.

అవతలి వైపు తలుపు తెరుచుకుంది.

నన్నే సాహెబ్ రెండో భార్య జానీబీ. తెల్ల చీర ముసుగు ముఖం మీదికి లాక్కుని తలుపు పట్టుకుని నిలబడింది. ఇలియాస్ ఉలిక్కిపడి దిగబోయాడు. భర్త పోయిన మనిషి ఇద్దత్‌లో నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. మూడో రోజునే ఆమె గడప దాటి, వాకిలి దాటి, పట్టపగలు కారు దాకా నడిచి వచ్చింది. కల్లంలో ఉన్నవాళ్లు ఇంకా చూడలేదు.

లోపలికి వెళ్లమ్మా, ఎవరైనా చూస్తారు అని ఇలియాస్ బతిమాలాడు. ఆమె వినిపించుకోలేదు.

"ఎట్టా చెప్పావు నాయనా?" అంది. "అంతమంది ముందు. నోరు ఎట్టా వచ్చింది నీకు?"

అతను గేరు పక్కనున్న పోర్టు వైపు చూశాడు.

"ఆయన మంచాన పడ్డ దగ్గర నుంచి రోజూ అడిగాడు. సిద్దికాకి ఫోన్ చెయ్యి, ఒకసారి వచ్చి పొమ్మను, నేను పిలిచానని చెప్పు అని. చేశాను, వస్తానంది అని చెప్పాను. పొద్దునా అడిగేవాడు, మాపునా అడిగేవాడు. దారిలో ఉందంట అని చెప్పేదాన్ని. తలుపు వైపే తిరిగి పడుకునేవాడు." ఆమె గొంతు చాలా చిన్నది. "నేను చెయ్యలేదు. ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఆ పిల్ల వస్తే ఈ ఇంట్లో నేను పరాయిదాన్ని అయిపోతానని భయం. నువ్వు ఒక్క పూటే అన్నావు ఎక్కుతోందని. నేను ఆయన కళ్లు మూసేదాకా అన్నాను."

ఈ మాట సిద్దికాకి తెలిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. తెలియకపోతే తన లోపల ఏమవుతుందో కూడా అప్పుడే తెలిసింది. అప్పుడే కబురు చేసి ఉంటే సిద్దికా తండ్రి ముఖాన్ని ఆయన బతికి ఉండగానే చూసి ఉండేది. ఫోనూ పోర్టూ అక్కర్లేకుండానే.

గడప దగ్గర అలికిడి అయ్యింది. సిద్దికా బయటికి వచ్చి వెతుకుతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. కారు దగ్గర తెల్ల చీర చూసి ఆగిపోయింది. భర్త వైపు ఆమె చూపు తిరగలేదు.

"అమ్మా," అని పిలిచింది. "గడప దాటావేందమ్మా, తప్పు కదా. పొద్దున్నించీ ఏం తాగలేదు నువ్వు. లోపలికి రా."

జానీబీ ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి సిద్దికా నోట ఆమెకు ఆ పిలుపు దక్కడం ఇదే మొదలు. కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న చేతులు కూడా ఆగాయి. షబ్బీర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

తలుపు మీద జానీబీ వేళ్లు బిగుసుకున్నాయి. ఆమె అటు తిరగలేదు. ముసుగులోంచి ఇలియాస్ ముఖంలోకే చూసింది.

"చెప్పమంటావా నాయనా?" అంది.